బంతి ఎనక్కే ఇయ్యాలె

క్లబ్బు పాసుబుక్కుల
మొన్నటికి నాలుగువందల పన్నెండు రూపాయలు.
నేను కోశాధికారిని. పగలు రైసుమిల్లు కాంటకాడ
లారీల నిండుబరువు, ఖాళీబరువు రాసేటోణ్ణి.
తీసేస్తే మిగిలేదే సరుకు.
నాకొచ్చిన లెక్క అదొక్కటే.

మిర్యాలగూడల రగ్బీ ఏందని
మొట్టమొదలు నవ్వింది దర్జీ జానీమియా.
"గుండ్రంగ లేదు, పలకలుగ లేదు,
దోసకాయకు కుట్లేసినట్టుంది."
కుట్లు తెగినప్పుడల్లా ఆయనే కుట్టిండు.
ఇప్పటిదాక పైస అడగలే.
ఆ బాకీ గూడ రాసిన, ఎర్రసిరాతోని.

కాంటగదిల మీటింగు పెట్టినం.
బెంచీ ఒక్కటే. మిగిలినోళ్లు తౌడు బస్తాల మీద.
గుండెబోయిన సైదులు లేచిండు:
"టికెట్టు పెడదాం, పది రూపాయలు."
"గోడ లేని గ్రౌండుకు టికెట్టా?
మేకలు గూడ కొనాల్నా అన్నా?"
నవ్వులు తగ్గినంక
ధనావత్ సక్రి మెల్లగ నోరిప్పింది.
తండా నుంచి పాల ఆటోల వచ్చే పిల్ల,
గీత దాటి బంతి ఆనిస్తే
నిద్రపోయే బిడ్డను పండవెట్టినట్టే.
"ఆదివారం ఎందుకు సార్? అంగడినాడు ఆడదాం.
మేకలమ్మినోళ్ల చేతుల పైసలుంటయి.
మా దిక్కు బస్సుకింక రెండు గంటలుంటది."

నా పెన్ను ఆగింది.
ఇరవై ఏండ్ల సంది బరువులు తూస్తున్న,
ఉత్తగ కూసున్న గంటకు గూడ బరువుంటదని
ఇయ్యాలనే తెలిసింది.

సేటు ఇరవై ఐదు వేలిస్తనన్నడు.
ఛాతి మీద ఆయన బియ్యం బస్తా బొమ్మ,
మొగపిల్లల టీముకే.
"ఆడపిల్లలు బురదల పొర్లుతుంటే
నా బ్రాండుకు మర్యాదనా?"
నా సేటే. నా జీతం సేటే.
మినిట్సు బుక్కుల "ఒప్పుకోలేదు" అని రాసి
చెయ్యి వణికి సంతకం రెండుసార్లు పెట్టిన.
తెల్లారి ఒక్క లారీని మూడుసార్లు తూయించిండు.
మూడుసార్లూ ఒక్కటే వచ్చింది.

అప్పుడు దుకాణం దుకాణం తిరిగినం.
సైకిల్ పంక్చరు, మిర్చి బజ్జీ,
పురుగుమందులు, గాజులు, సెల్లు రిపేరు,
మనిషికి మూడువందలు, నలభై మంది.
అంగీ వీపంత పేర్లే,
పెండ్లిల కట్నాల చదివింపు లెక్క.
నంబరుకు జాగ లేదని సైదులు గొణిగిండు.

అంగడినాడు ఎరువుల ఆటో మైకు కిరాయికి తెచ్చినం.
భిక్షమయ్య గొంతు: "వినుండ్రి!
ఆరుసార్లు పడగొట్టేదాక బంతి మనది,
ఆ తర్వాత అవతలోనికి అప్పజెప్పాలె.
కౌలు అనుకోండ్రి, ఆరు కార్లు.
ఉరికేది ముందుకు. ఇచ్చేది మాత్రం ఎనక్కి!"
ఎండుమిర్చి గుట్ట ఎన్క కూసున్న ముసలామె
తంబాకు నములుకుంట అన్నది:
"అప్పు గూడ గంతే గద బిడ్డా."

ఓడిపోయినం. ఎనిమిది, ఇరవై రెండు.
బస్సు వచ్చింది, హారను కొట్టింది,
సగం మంది ఎక్కలే.
డబ్బాల పడ్డది రెండువేల మూడువందల పదిహేను,
ఒక చెల్లని నోటు,
ఎవరిదో చెవికమ్మ. అది ఇంక మాకాడనే ఉంది.
మైకు కిరాయి, సున్నం, గాయాల పట్టీలు పోను
జానీమియా బాకీ కట్టనీకె పోయిన.
పైసలు ఎనక్కి నెట్టిండు:
"నలభై ఒకటో పేరు నాది కుట్టుకుంట. జాగ చూపియ్యి."
కాలరు కింద ఇంత జాగ దొరికింది.

రాత్రి మిల్లు గేటు వెయ్యకముందు
బంతిని కాంట మీద పెట్టిన.
ముల్లు కదలలే. టన్నుల కాంట అది,
గాలి నింపిన తోలును లెక్క జెయ్యది.
పదమూడు మంది ఆడపిల్లలను ఎక్కించిన,
సక్రి చంకల బంతి.
ఐదువందల ఎనభై.
ఎవరో తోసిన్రు, ఎవరో పడ్డరు,
దుంకి చీకట్ల పడి ఉరికిన్రు.
ఖాళీబరువు రాయాలె ఇప్పుడు.
రాయలే.
చీటి మడిచి పాసుబుక్కుల పెట్టుకున్న.